నిబ్బరమ్మ నిద్ర

ఆ రోజు పథకం చాలా చిన్నది. పది నెలల పాపని పొద్దున్న పదకొండింటి దాకా నిద్రపోనివ్వకూడదు. అంతే.

పదకొండింటికి ఆస్పత్రిలో వినికిడి పరీక్ష. తలకి వైర్లు అంటించి, చెవుల్లో చప్పుళ్లు వినిపించి చేసే ఆ పరీక్ష పిల్ల గాఢనిద్రలో ఉన్నప్పుడే కుదురుతుందట. "తెల్లవారుజామునే లేపెయ్యమ్మా. ఇక్కడికొచ్చేదాకా కునుకు తియ్యనివ్వకు. ఇక్కడ పాలిస్తే అదే పడుకుంటుంది," అని పరీక్ష చేసే టెక్నీషియనమ్మ చెప్పింది. ఆ తేదీ కోసం తల్లి మూడు నెలలు ఎదురుచూసింది. తప్పితే మళ్లీ మూడు నెలలు. ఏడాది లోపు సంగతి తేలితే పిల్లకి మాటలు వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరు అన్నప్పటినుంచి ఆమె క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తోంది.

అయిదింటికే లేపింది. అరికాళ్లు గీరింది, తడిగుడ్డతో మొహం తుడిచింది, కిటికీ దగ్గర నిలబెట్టి కాకుల్ని చూపించింది. పాప కాకుల వైపు చూసి నవ్వింది. కాకులు కనిపించినందుకే నవ్వింది. వెనకనించి అవి ఎంత అరిచినా తిరిగి చూసేది కాదు. తల్లి అనుమానం అక్కడే మొదలైంది. ఒకసారి వంటగదిలో స్టీలు పళ్లెం చేజారి పడితే పక్కింటి పిల్లి గోడ దూకి పారిపోయింది. పళ్లానికి జానెడు దూరంలో కూర్చున్న పాప మాత్రం చెంచా చప్పరిస్తూనే ఉంది.

అత్తగారు కొట్టిపారేసింది. "నీ మొగుడు మూడేళ్లదాకా నోరు విప్పలేదమ్మాయ్. ఇప్పుడు మూసుకోమన్నా మూసుకోడు."

ఆ మొగుడు లిఫ్ట్ మెకానిక్. ఒక్క బోల్టు వదులుగా ఉందని అనుమానమొస్తే పన్నెండు అంతస్తులూ మెట్లెక్కి చూసొచ్చే మనిషి. ఫుట్‌బాల్ దగ్గర మాత్రం అనుమానాలు పనికిరావంటాడు. వాళ్ల ఊరి జట్టు కప్పు గెలిచి పదకొండేళ్లయింది. "గెలిచే జట్టుని ఎవడైనా నమ్ముతాడే. దాన్ని నమ్మకమనరు, లెక్క అంటారు. ఓడిపోతున్నప్పుడు కూడా టికెట్టు కొంటాం చూడు, అదీ నమ్మకం!" అని తనలో తను మురిసిపోయేవాడు.

అయిదు నెలల క్రితం పాపని మొదటిసారి స్టేడియానికి ఎత్తుకెళ్లాడు. ఆఖరి నిమిషంలో జట్టు గోల్ కొట్టింది. చుట్టూ ఇరవై వేలమంది ఒక్కసారిగా లేచి అరిచారు. అరుపులకి పెద్దవాళ్లే చెవులు మూసుకుంటే పాప రెప్ప కూడా వెయ్యలేదు. అభిమానుల క్లబ్ ప్రెసిడెంటు అది చూశాడు. ఆయనది మంగలి షాపు. సగం గడ్డం మీద కత్తి ఆపి మరీ జట్టు గురించి ఉపన్యాసం చెప్పగలడు. "ఇంత గోలలో చలించలేదంటే ఇది పసిపిల్ల కాదయ్యా, నిబ్బరం!" అన్నాడు. ఆ పూటనుంచి పాప పేరు నిబ్బరమ్మ. ఆమె వెళ్లిన నాలుగు మ్యాచ్‌లూ జట్టు గెలిచింది. వెళ్లని తొమ్మిదీ ఓడింది. రాబోయే ఆదివారం కూడా ఓడితే కింది లీగ్‌కి పోతుంది.

అందుకే ఆ ఉదయం స్టేడియం పక్క మైదానంలో అభిమానుల సభ. కెప్టెన్ స్వయంగా వస్తున్నాడు. నిబ్బరమ్మని ఎత్తుకుని ఫొటో దిగుతాడు.

"ఎనిమిదిన్నరకి ఫొటో, తొమ్మిదికల్లా బయటపడతాం. ఆస్పత్రి నాలుగు వీధుల అవతలే కదా," అన్నాడు మెకానిక్.

"నేనూ వస్తా. మీ చేతికిస్తే పిల్ల పడుకుంటుంది."

మైదానం గేటు దగ్గర అతను ఆగాడు. "ఇదిగో, లోపల పరీక్ష సంగతి ఎత్తకు. మన పిల్లకి చెవుడని పదిమందీ అనుకుంటారు."

"చెవుడని నేనలేదు. పరీక్షన్నాను."

"మరి ఎందుకు ఎత్తడం?"

లోపల ప్రెసిడెంటు ఎదురొచ్చాడు. చంకలో ఉన్న పిల్ల పాదాలని తల్లి ఆపకుండా గీరుతుంటే ఆయనకి అర్థం కాలేదు. "అదేంటి చెల్లెమ్మా, నిబ్బరమ్మని అలా ఏడిపిస్తావు?"

తల్లి నోరు తెరిచేలోపే మెకానిక్ అందుకున్నాడు. "జట్టు గెలవాలని మా ఆవిడ నియమం పెట్టుకుందండీ. పదకొండింటిదాకా పాప కన్ను మూయకూడదు."

ఆమె అతని వంక చూసిన చూపుకి లిఫ్ట్ అయితే మధ్యలో ఆగిపోయేది.

ప్రెసిడెంటు కళ్లు చెమ్మగిల్లాయి. మైకు లాక్కున్నాడు. "విన్నారా! ఒక తల్లి మన జట్టు కోసం పిల్ల నిద్ర మానిపించింది! ఇక ఈ నియమం ఆమె ఒక్కదానిదే కాదు, మనందరిదీ!"

అరవైమంది ముందుకొచ్చారు. నిద్ర ఆపడానికి వాళ్లకి తెలిసింది ఒక్కటే, చప్పుడు. డ్రమ్ములు, ఈలలు, బూరలు పాప చుట్టూ చేరాయి. పాపని తల్లి చేతుల్లోంచి తీసుకుని కప్పులాగా చేతులు మారుస్తూ వేదిక మీదికి చేర్చారు.

"అయ్యా, అరుపులొద్దు, కాళ్లు గీరండి! గీరితే చాలు!" అని తల్లి అరిచింది. ఆ మోతలో వినపడందల్లా ఆమె మాటే.

ఎనిమిదిన్నరకి రావాల్సిన కెప్టెన్ తొమ్మిదీ నలభైకి వచ్చాడు. మనిషి పొడుగు, మోకాలికి కట్టు, మొహంలో నిద్ర లేదు. ఓడిపోతున్న జట్టు కెప్టెన్ నవ్వినా తప్పే, నవ్వకపోయినా తప్పే. పాపని భుజాన వేసుకుని కెమెరా వైపు సగం నవ్వాడు. అయిదింటికి లేచిన పాపకి మెత్తటి భుజం దొరికింది. పక్కన రెండు డజన్ల డ్రమ్ములు వాయిస్తుండగా రెండు ఆవలింతలు తీసి, నిద్రపోయింది.

డ్రమ్ములు ఒక్కొక్కటే ఆగాయి.

"నియమం తప్పింది," అన్నాడెవరో.

ప్రెసిడెంటు మొహం పాలిపోయింది. "ఇంకా మించిపోలేదు. లేపండి! పెద్ద డ్రమ్ము తెండి!"

ఇద్దరు మోసుకొచ్చారు. పాపకి మూరెడు దూరంలో వాయించారు. మైదానం చివర చెట్టుమీది పావురాలన్నీ లేచిపోయాయి. పాప లేవలేదు. ఇంకాస్త దగ్గరికి జరిపి మళ్లీ వాయించారు. కెప్టెనే ఉలిక్కిపడ్డాడు. పాప పెదవుల మీద పాలబుడగ ఒకటి ఊరి, నిదానంగా పగిలింది.

మెకానిక్ వేదిక కింద నిలబడి చూస్తున్నాడు. అయిదు నెలలుగా చూస్తున్నదే. కానీ గోల్ పడ్డప్పుడు చూడటం వేరు, ఏ గోలూ లేనప్పుడు చూడటం వేరు. అతని నోట్లో ఉన్న బూర కింద పడింది.

కెప్టెన్ పాప మొహంలోకి వంగి చూశాడు. "ఈ పాపకి వినపడుతుందా?" అని మెల్లగా అడిగాడు.

"అది కనుక్కోడానికే పదకొండింటికి ఆస్పత్రికి వెళ్లాలండీ," అంది తల్లి. అప్పటికి వేదిక ఎక్కేసింది. "అక్కడికెళ్లాకే పడుకోవాలని పొద్దున్నుంచీ లేపి ఉంచాను. మీరంతా కలిసి ఇక్కడ పడుకోబెట్టారు. ఇప్పుడు లేచిందంటే సాయంత్రందాకా పడుకోదు. మళ్లీ మూడు నెలలు."

"మరి నియమమో?" అన్నాడు ప్రెసిడెంటు.

అందరూ మెకానిక్ వంక చూశారు. "నియమం లేదు, ఏం లేదు," అన్నాడు అతను. "నాకు సిగ్గేసింది."

తిట్టడానికి టైము లేదు. భుజం మారిస్తే పాప లేస్తుంది కాబట్టి కెప్టెనే మోయాలి. క్లబ్ వాళ్ల బళ్లే అడ్డదిడ్డంగా నిలిపి ఉండటంతో కెప్టెన్ కారు కదిలే దారి లేదు. నడిచే బయల్దేరారు. ముందు కుంటుతూ కెప్టెన్, పక్కన పాప తల పట్టుకుని తల్లి, వెనక అరవైమంది. ఒక్కరి నోట మాట లేదు. డ్రమ్ముల్ని గుడ్డల్లో చుట్టి బిడ్డల్లా ఎత్తుకున్నారు. దారిలో బస్సు హారన్ కొడితే ప్రెసిడెంటు రోడ్డుకి అడ్డంగా వెళ్లి డ్రైవరుకి చేతులు జోడించాడు. జీవితంలో మొదటిసారి ఆ క్లబ్ ఒక వీధిలోంచి వెళ్తే ఎవరూ కిటికీలు మూసుకోలేదు.

"మీరు మాట్లాడుకోవచ్చండీ," అంది తల్లి. "కుదిపితేనే లేస్తుంది."

"ష్!" అన్నారు వెనకనించి.

ఆస్పత్రి మెట్ల దగ్గర చెప్పులు విడిచి చేతుల్లో పట్టుకున్నారు. టెక్నీషియనమ్మ తలుపు తీసి, వరండా నిండా ఉత్తకాళ్లతో నిలబడ్డ మనుషుల్ని చూసి ఒకడుగు వెనక్కి వేసింది. "నిద్రలోనే ఉందా? అయితే ఇప్పుడే తెండి. లోపలికి ఇద్దరే రావాలి."

ఆ ఇద్దరూ తల్లి, కెప్టెన్. తండ్రి బయట మిగిలాడు.

ముప్పావు గంట పట్టింది. కెప్టెన్ ఒక్క అంగుళం కదలకుండా కూర్చున్నాడు. కట్టు కట్టిన మోకాలు కూడా చాపుకోలేదు. తెర మీద గీతలు నున్నగా సాగిపోతుంటే తల్లి అవి ఎక్కడైనా లేస్తాయేమోనని చూస్తూ కూర్చుంది. ఎన్నిసార్లు చప్పుడు పెంచినా అవి లేవలేదు. చివరికి టెక్నీషియనమ్మ హెడ్‌ఫోన్ తీసి, కెప్టెన్ వైపు తిరిగింది.

"చూడండి, పాప నాన్నగారూ..."

"నేను కాదమ్మా. ఆయన బయటున్నాడు. ఆయన్నే పిలవండి."

పిలిచారు. రెండు చెవులూ వినపడవు. మిషన్లు పెట్టి చూడాలి, చాలకపోతే ఆపరేషన్. పుట్టుకతోనే ఉంది, ఎవరి తప్పూ కాదు. పది నెలలకే తీసుకొచ్చారు, మంచి పని చేశారు. "ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది టెక్నీషియనమ్మ.

మెకానిక్ భార్య వంక చూపించాడు. "పన్నెండు అంతస్తుల్లో బోల్టు వదులైతే నాకు తెలిసిపోతుందండీ," అన్నాడు. "ఇంట్లోది ఈవిడే కనిపెట్టింది."

అతను బయటికి రాగానే అరవైమందీ ఊపిరి బిగబట్టారు. ప్రెసిడెంటు చెప్పులు కింద పెట్టి, నోరు తెరవకుండా చేతులు తిప్పి, ఏమైందన్నట్టు అడిగాడు. మెకానిక్ కూడా నోరు తెరవలేదు. చెవి ముట్టుకుని చెయ్యి అడ్డంగా ఊపాడు. ప్రెసిడెంటు టోపీ తీసి, చెప్పుల పక్కన పెట్టాడు.

"ఇంక మాట్లాడచ్చండీ," అంది తల్లి వెనకనించి. అందరూ చెప్పులు చేతుల్లోనే పట్టుకుని మెట్లు దిగారు.

ఆదివారం మ్యాచ్ అవతలి ఊళ్లో. క్లబ్ బస్సు వెళ్లింది. పదకొండేళ్లలో మొదటిసారి మెకానిక్ అందులో లేడు. ఇంట్లో మ్యాచ్ వచ్చే టీవీకి పెద్ద స్పీకరు తగిలించి, నేల మీద పెట్టి, దానికి పాపని ఆనించి, చిన్న అరచేయి దాని మీద పరిచి పట్టుకున్నాడు. అదురు చేతికి తెలుస్తుందని టెక్నీషియనమ్మ చెప్పింది. తల్లి వంటగది గుమ్మంలో నిలబడి, ఆశ పడాలో వద్దో తేల్చుకోలేక చూస్తోంది. గోల్ పడింది. స్టేడియం హోరుకి స్పీకరు దడదడలాడింది. పాప తన చేతి వంక చూసుకుని కిలకిలా నవ్వింది. అలా నాలుగుసార్లు నవ్వింది.

నాలుగూ అవతలి జట్టు గోల్సే. ఆ సంగతి పాపకి ఎవరూ చెప్పలేదు.