ఐర్లండ్‌లో ఊగిన తల

గుర్రాన్ని కొనాలంటే డబ్బుండాలని లోకం పొరబడుతుంది. తల ఉంటే చాలు. అది కాస్త వదులుగా ఉంటే మరీ మంచిది.

ఈ సత్యాన్ని కనిపెట్టినవాడు కాకినాడ పద్మనాభం. రియాద్ శివార్లలో ఒక షేక్ గారి గుర్రపుశాలకు ఆఫీసు మేనేజరు. ముందుకాళ్లు ముందు, వెనకకాళ్లు వెనక ఉంటాయన్నంత వరకే ఆయనకు గుర్రాలతో పరిచయం. (ఇది ఉద్యోగానికి ఎప్పుడూ అడ్డు రాలేదు.)

తొంభై ఒకటి గల్ఫ్ యుద్ధంలో రియాద్ మీద స్కడ్ క్షిపణులు పడుతున్నప్పుడు, శాలలో ఉన్న ఐరిష్ శిక్షకుడు ఇప్పుడే వస్తానని చెప్పి దేశం దాటాడు. యుద్ధం ముగిసినా రాలేదు. ఆ ఏడు ఐర్లండ్‌లో జరిగే పందెపు గుర్రాల వేలానికి ఎవరో ఒకరు వెళ్లాలి. ఆఫీసులో ఇంగ్లీషు గడగడా మాట్లాడేది పద్మనాభం ఒక్కడే కనుక, ఆయన అశ్వనిపుణుడని ఉత్తర్వు వెలువడింది. చదివాక ఆయనకూ నమ్మకం కలిగింది. షేక్ గారు ఒకటే చెప్పారు: చూసి రా, కొనకు.

ఐర్లండ్ వేలంలో నోరు తెరవడం మర్యాద కాదు. ఒకరు కనుబొమ్మ ఎగరేస్తారు, ఒకరు టోపీ అంచు తాకుతారు, ధర పెరుగుతుంది. పక్కన కూర్చున్న ముసలాయన బరిలో తిరుగుతున్న గుర్రం వంశచరిత్ర చెబుతుంటే, పద్మనాభం మనవాళ్ల పద్ధతిలో అడ్డంగానూ కాక నిలువుగానూ కాక తల ఊపుతూ విన్నాడు. కథ గుర్రం అమ్మమ్మ దాకా వచ్చేసరికి ఊపు పెరిగింది. పోటీదారు బెదిరి తప్పుకున్నాడు. వేలం సుత్తి పడింది. కొన్న మహానుభావుడెవరా అని అందరితోపాటు పద్మనాభమూ వెనక్కి తిరిగి చూశాడు. ముసలాయన అరచేతిలో ఉమ్మి, పద్మనాభం చెయ్యి పట్టి ఊపి, అక్కడి ఆచారం ప్రకారం అదృష్టానికని ఒక నాణెం చేతిలో పెట్టాడు. అమ్ముడైన గుర్రం ముసలాయనదే.

రియాద్‌లో మొదటి పందెంలో అది గేటు దాటడానికి నిరాకరించింది. దాంతో తల నిర్ధారణ సంఘం ఏర్పడింది. దుబాసీగా హైదరాబాదు ఫక్రుద్దీన్‌ను వేశారు.

"సచ్ చెప్పుండ్రి సార్. గా తల ఊపుడు అవునా, కాదా?"

"రెండూ కాదండీ. వింటున్నానని."

ఫక్రుద్దీన్ దానికి అరబీ మాట వెతికాడు. దొరకక "అవును" అని చెప్పాడు. ఉద్యోగం ఊడుతుందని రోజుల తరబడి అన్నం సహించని పద్మనాభాన్ని సంఘం దయతలచింది. తప్పు ఆయనది కాదు, మెడది అని తేల్చి, పని వేళల్లో ఆసుపత్రి మెడపట్టీ ధరించాలని తీర్పిచ్చింది. నలుగురికీ ఇది నవ్వులాటైంది. అద్దంలో చూసుకుని ఆయనా నవ్వాడు, మెడ కదలకుండా.

యుద్ధం మొదలైననాటి నుంచి ఆయన ఇంటి ముఖం చూడలేదు. కూతురు స్నిగ్ధ ఫోనులో ఆయన్ని "అండీ" అనడం మొదలుపెట్టింది. ఈసారి సెలవు అడిగి తీరాలని గట్టిగా అనుకుని షేక్ గారి గదిలోకి వెళ్లాడు.

షేక్ గారు కాగితం మీంచి తల ఎత్తకుండానే, ఈ ఏడు కూడా సెలవు అక్కర్లేదు కదా అన్నారు.

పద్మనాభం అడ్డంగా తల ఊపబోయాడు. పట్టీ కదలనివ్వలేదు. ఏ అభ్యంతరమూ తెలపలేదని రాసుకున్నారు. పద్మనాభం "షుక్రన్" అని అరబీలో కృతజ్ఞత చెప్పి బయటికొచ్చాడు.

పట్టీ మెడకే వేశారు. నోటికి ఎవరూ వేయలేదు.