అర మార్కు డిటెక్టివ్, ఆకుపచ్చ డబ్బా

"ఈ విశ్వవిద్యాలయంలో నాలుగు వందల ఏళ్లుగా ఎందరో మేధావులు పుట్టారు. నేరాన్ని వాసనతో పసిగట్టే ముక్కు మాత్రం ఒక్కటే పుట్టింది. అది ప్రస్తుతం నీ జిరాక్స్ షాపులో ఉంది" అన్నాడు డిటెక్టివ్.

"ఆ ముక్కుని కాస్త పక్కకి జరుపు బావా. పేపరు ఇరుక్కుంది" అన్నాడు బావమరిది.

డిటెక్టివ్ అన్నది ఆయన తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. జీతం ఇచ్చేది పరీక్షల విభాగం. అక్కడ రీటోటలింగ్ బల్ల దగ్గర ముప్పై ఏళ్లుగా మార్కులు కూడుతున్నాడు. మొత్తంలో చివర అర వస్తే దాన్ని ఒకటి చేయాలన్నది విభాగం నియమం. ఆ నియమం చేతికి ఎంత అలవాటైందంటే, ఈ రోజు పెట్టిన అరపూట సెలవును కూడా రిజిస్టరులో ఒక రోజుగా రాసి వచ్చాడు. ఆఫీసులో ఆయన్ని అర మార్కు అంటారు.

ఇప్పటికి పద్నాలుగు కేసులు చేపట్టాడు. తొమ్మిది వాటంతటవే తేలాయి. నాలుగింటిలో నేరమే జరగలేదు. పద్నాలుగోది సొంత గొడుగు; అది పోయి పది రోజులైంది. ఈ లెక్క ఆయనకు తెలుసు. కూడటమే వృత్తి కనుక తెలియనట్టు నటించే వీలు కూడా లేదు.

ఒంటిగంటకు డిటెక్టివ్ అన్నయ్య కూతురు పరుగున షాపులోకి వచ్చింది. చరిత్ర విభాగంలో ఆఖరి ఏడాది చదువుతోంది.

"బాబాయ్, నా డబ్బా పోయింది!"

"కూర్చో. ఏడవకు. అనుమానితులు ఎందరు?"

"ముందు ఏం డబ్బానో అడుగు బావా" అన్నాడు బావమరిది.

ఆమె చెప్పింది. ఊళ్లో పాత కట్టడాల మీదుగా ఒక నడక తయారుచేసింది. ఏడు మజిలీలు, ఒక్కో చోట ఒక్కో చిక్కుప్రశ్న. జవాబులన్నీ అంకెలే. వాటిని వరసలో పెడితే ఒక చోటు అక్షాంశం, రేఖాంశం వస్తాయి. ఫోన్‌లో చూసుకుంటూ వెళితే అక్కడ ఒక డబ్బా, అందులో ఒక నోటు పుస్తకం. కనిపెట్టినవాళ్లు సంతకం చేసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లాలి. దీన్ని జియోకాషింగ్ అంటారు. అదే ఆమె ప్రాజెక్టు. నాలుగింటికి బయటి ఊరి పరీక్షకుడు నడక ముగించి డబ్బా తెరవాలి. పన్నెండింటికి వెళ్లి చూస్తే గోడలో డబ్బా లేదు.

"డబ్బాదేముంది, ఇంకోటి పెట్టొచ్చు" అన్నాడు బావమరిది.

"పుస్తకం ఎక్కడ తేను మావయ్యా? రెండేళ్ల సంతకాలు, రెండు వందల పద్నాలుగు మందివి. అవి చూపించకపోతే ఈ నడక నడిచినవాళ్లున్నారని ఎవరు నమ్ముతారు? ఏడాది పోతుంది నాకు. ఆ డబ్బా ఉండాల్సిన చోటు..."

డిటెక్టివ్ చెయ్యెత్తాడు. "చెప్పకు!"

"అదేంటి బాబాయ్?"

"నేరస్థుడు నడిచిన దారిలోనే నేనూ నడుస్తాను. అతని బుర్రలో దూరి ఆలోచిస్తాను. ప్రశ్నల కాగితం ఇటివ్వు."

"బావా, చోటు చెబుతానంటోంది కదా! రెండు నిమిషాల్లో..."

"రెండు నిమిషాల్లో తేలేదాన్ని కేసు అనరు."

బావమరిది షట్టరు దించాడు. ఈ మనిషిని ఒంటరిగా వదిలితే ఏమవుతుందో పన్నెండో కేసులో చూశాడు.

మొదటి మజిలీ గంటస్తంభం. మెట్లు లెక్కపెట్టి, ముప్పై తీసేసి, సగం చేయాలి. డిటెక్టివ్ నలభయ్యో మెట్టు దగ్గర ఆయాసంతో ఆగి, ఎక్కడిదాకా లెక్కపెట్టాడో మర్చిపోయాడు. పైదాకా ఎక్కింది బావమరిది. ఎనభై అయిదు. ముప్పై తీసేసి సగం చేస్తే ఇరవై ఏడున్నర. డిటెక్టివ్ కాగితం మీద ఇరవై ఎనిమిది వేశాడు.

"ఇరవై ఏడున్నర కదా బావా?"

"అర వస్తే ఒకటి. రూలు."

రెండోది గ్రంథాలయం శంకుస్థాపన రాయి. దాని మీది సంవత్సరంలో చివరి రెండంకెలు ఎనభై మూడు. వాటినీ సగం చేయాలి, నలభై ఒకటిన్నర. ఆయన నలభై రెండు వేశాడు. ఈసారి బావమరిది కాగితం వైపు చూడకుండా అరుగు మీద కూలబడ్డాడు. మెట్లెక్కిన మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

మూడో మజిలీ పాత ముద్రణాలయం దగ్గర డిటెక్టివ్ బావమరిది చెయ్యి పట్టుకుని స్తంభం వెనక్కి లాగాడు.

"వెనక్కి తిరక్కు. బూడిదరంగు కోటు. చేతిలో పుస్తకం. గంటస్తంభం దగ్గర్నుంచి మన వెనకే వస్తున్నాడు."

"మన దగ్గరున్న కాగితమే ఆయన దగ్గరా ఉంది బావా."

"అదే కదా భయంకరమైన విషయం!"

అడ్డుకోవద్దని బావమరిది చెప్పేలోపే డిటెక్టివ్ వెళ్లి ఆయన ఎదుట నిలబడ్డాడు. "ఈ ఊరికి ఎందుకొచ్చారు?"

"పరీక్షించడానికి" అన్నాడు కోటాయన.

"ఎవర్ని?"

"ఒక అమ్మాయిని. తొందరగా వచ్చాను, నడక మొదలుపెట్టాను. మీరెవరు?"

డిటెక్టివ్ ముఖంలో రంగు మారింది. "నేను... ఎండగా ఉందని ఈ స్తంభం నీడకి వచ్చాను" అని మళ్లీ స్తంభం వెనక్కి వెళ్లాడు.

"బాగా దూరావు బుర్రలో" అన్నాడు బావమరిది.

మిగిలిన నాలుగు మజిలీలూ ఇద్దరూ పరుగులాంటి నడకతో పూర్తిచేశారు. నాలుగింటికి పది నిమిషాలుండగా ఫోను వాళ్లను నక్షత్రాలు చూసే పాత వేధశాల ప్రహరీ దగ్గరకు చేర్చింది. డబ్బా ఉండాల్సిన చోటు ఆ గోడలో కదిలే ఒక ఇటుక వెనుక. రెండు అరలను రెండు ఒకట్లు చేసిన ఫలితంగా డిటెక్టివ్ అక్కడికి ఇరవై గజాల అవతల తేలాడు. అది కాపలాదారు గది.

"ఇక్కడే" అన్నాడు డిటెక్టివ్. "లోపలికి వెళ్లి..." ఆ తరవాత ఏం చేయాలో తోచక, "మంచినీళ్లు అడుగుదాం" అన్నాడు.

కాపలాదారు నీళ్లిచ్చి కుర్చీ వేశాడు. కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద ఏదో ఎత్తు పెట్టి ఉంది. డిటెక్టివ్ కూర్చున్నాడు. ఎత్తు జారింది. గ్లాసుతో సహా ఆయన వెల్లకిలా పడ్డాడు. ఆకుపచ్చ డబ్బా ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆయన చెవి పక్కన ఆగింది.

బావమరిది మూత తీశాడు. పుస్తకం. సంతకాలు.

"దొంగా!" అన్నాడు డిటెక్టివ్, పడుకునే.

"నేనా సార్?" కాపలాదారు రిజిస్టరు తెచ్చి విప్పాడు. "మీరే కదా పది రోజుల కిందట ఈ బల్ల మీద కూర్చుని చెప్పారు! యజమాని లేని వస్తువు కనబడితే స్వాధీనం చేసుకో, అతను తనంతట తాను వచ్చి గుర్తులు చెప్పేదాకా నోరు విప్పకు అని. నిన్న ఇటుక కదులుతోందని తీస్తే ఇది కనబడింది. రాసుకున్నాను."

"మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి అడగలేదా?"

"ఏమైనా కనిపించిందా అని అడిగింది సార్. రంగు చెప్పలేదు."

రిజిస్టరులో 'ఎవరి ఆదేశం' అన్న గడి ఉంది. అందులో 'డిటెక్టివ్ గారు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

బయట మాటలు వినబడ్డాయి. కిటికీలోంచి చూస్తే కోటాయన గోడ ముందు వంగి ఇటుక తీస్తున్నాడు. పక్కన అన్నయ్య కూతురు చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఇక్కడేం లేదే!" అన్నాడు ఆయన. "అసలు పెట్టారా?"

డబ్బాను దొంగ దగ్గర పట్టుకున్నానని చెప్పి ఇచ్చేయవచ్చు. కాపలాదారు కాదనడు, ఆదేశం అయితే దాన్నీ పాటిస్తాడు. డిటెక్టివ్ రిజిస్టరులోని ఆ గడిని ఇంకోసారి చదివాడు. తరవాత ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో రిజిస్టరు పట్టుకుని బయటికి నడిచాడు.

"అమ్మాయి పెట్టింది సార్. తీయించింది నేను. తెలివితక్కువ పని. ఇదిగో రుజువు" అని తన బిరుదున్న గడి మీద వేలు పెట్టాడు.

పరీక్షకుడు రిజిస్టరు చదివాడు. పుస్తకంలో సంతకాలు పేజీ పేజీ తిరగేశాడు. చివర్న తన సంతకం చేశాడు. రెండు వందల పదిహేను. అన్నయ్య కూతురు చున్నీ వదిలేసింది.

"మరి డబ్బా ఈ గదిలో ఉందని మీకెలా తెలిసింది?" అన్నాడు ఆయన.

"తెలియలేదు సార్. లెక్కలో అర వస్తే ఒకటి చేశాను."

"ఎందుకు?"

"ముప్పై ఏళ్లుగా పిల్లలకి అలాగే చేస్తున్నాను."

పరీక్షకుడు నవ్వలేదు. ప్రశ్నల కాగితం అడుగున ఒక వాక్యం చేర్చమని అమ్మాయికి చెప్పాడు: అరను అరగానే ఉంచవలెను.

డిటెక్టివ్ కేసు డైరీ తీసి రాసుకున్నాడు: 'పదిహేనో కేసు. నేరస్థుడు దొరికాడు. పారిపోయే ప్రయత్నం చేయలేదు.'

"పేరు రాయలేదేం బావా?" అన్నాడు బావమరిది, భుజం మీదుగా చదివి.

"దర్యాప్తు గోప్యత."

ఇంతలో కాపలాదారు పిలిచాడు. "సార్, మొదటి వస్తువు మాటేమిటి?"

"మొదటిదా?"

"ఆ రోజు మీరు అటు వెళ్లగానే బల్ల మీద దొరికింది. మీదేనని తెలుసు. కానీ యజమాని వచ్చి గుర్తులు చెప్పాలి కదా!"

డిటెక్టివ్ గది తలుపు వైపు చూశాడు. దాని వెనుక మేకుకు ఏదో వేలాడుతోంది.

"నల్లది" అన్నాడు మెల్లగా. "పిడి వంకర. ఒక ఊచ విరిగింది."

కాపలాదారు గొడుగు తెచ్చి, రిజిస్టరు ముందుకు జరిపి, సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు.