దివాకర్ పట్టా సంపాదన

ఇబ్రహీంపట్నంలో ఎవరైనా నా దగ్గర పట్టా ఉందంటే, ఎదుటివాడు ముందు ఎన్ని గజాలని అడుగుతాడు. దివాకర్ పట్టాకు గజాలు లేవు. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, చుట్టూ బంగారు రంగు ఫ్రేము. జర్నలిజంలో డిగ్రీ పూర్తి చేసినందుకు యూనివర్సిటీవాళ్లు పద్దెనిమిదేళ్ల కింద ఇచ్చిన పట్టా అది. వంటింటి గుమ్మం పక్క గోడకు వేలాడుతూ, చెప్పులు విడిచే చోటి నుంచే అందరికీ కనబడుతుంది.

ఆ పట్టా చేతికొచ్చిన కొత్తలో దివాకర్ ఒక చిన్న పత్రికలో విలేకరిగా చేరాడు. జీతం అడిగితే ప్రకటనలు తెమ్మన్నారు. తెచ్చి కమీషన్ అడిగితే ఇంకో ప్రకటన తెమ్మన్నారు. నాలుగేళ్లకు పత్రికే మూతబడింది. ఇప్పుడు సాగర్ రోడ్డు మీద టైల్స్ షాపులో సేల్స్‌మన్. అయినా పాత అలవాటు పోలేదు. బాత్రూం టైల్స్ కొనేవాళ్లతో కూడా మీరు చారిత్రక నిర్ణయం దిశగా అడుగులు వేస్తున్నారని అంటాడు. వాళ్లు భయపడి ఇంటికి పోయి ఆలోచించుకుని వస్తామంటారు.

భార్య సునంద ఆదిభట్లలో విమానాల భాగాలు చేసే ఒక కంపెనీలో, సామాన్ల స్టోర్‌లో పనిచేస్తుంది. పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు. ఆమె జీతం దివాకర్ జీతం కంటే ఎనిమిది వేలు ఎక్కువ. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

దసరా వెళ్లిన వారం ఆమె వాటర్ ఫిల్టర్ కొన్నది. బిగించడానికి వచ్చిన మనిషి ఇల్లంతా తిరిగి, నల్లా పైపుకూ కరెంటు బోర్డుకూ దగ్గరున్న గోడ ఒక్కటేనని తేల్చాడు. ఆ గోడ మీద పట్టా ఉంది.

"దాన్ని తీసి సజ్జ మీద పెడ్తం" అన్నది సునంద.

"అది నా డిగ్రీ."

"ఎరుకే. ఫిల్టర్ నీళ్లిస్తది. గిదేమిస్తది?"

దాని విలువ పైసల్లో చెప్పేది కాదని దివాకర్ అన్నాడు. చెప్పరాకపోతే లేనట్టేనని ఆమె అన్నది. ఫిల్టర్ మనిషి ఇద్దరి మొహాలూ చూసి డ్రిల్లింగ్ మిషన్ సంచిలో పెట్టేసుకున్నాడు.

"సరే, మూడు ఆదివారాలు టైమిస్తున్న" అన్నది సునంద. "నీ పట్టా మూడు వేలు సంపాదిస్తే గోడ మీదనే ఉంటది. లేకపోతే సజ్జ."

ఆమె నవ్వుతూనే అన్నది. దివాకర్‌కు మాత్రం నవ్వు రాలేదు. తాను ఒకప్పుడు వేరే ఏదో అవుదామనుకున్నాననడానికి ఆ ఇంట్లో ఉన్న సాక్ష్యం అదొక్కటే. దాన్ని పాత పరుపులు, పగిలిన బకెట్ల మధ్య ఊహించుకుంటే అన్నం సహించలేదు.

అందుకని ఒక ఉపాయం పన్నాడు. దసరా బోనస్‌లో మూడు వేలు ఇంట్లో చెప్పకుండా దాచుకున్నాడు. అందులోంచి ఒక వెయ్యి తీసి, పంక్చర్ షాపు నడిపే స్నేహితుడు మొయిజ్ చేతిలో పెట్టాడు. పాంప్లెట్ రాసిచ్చినందుకు ఫీజని ఇంటికొచ్చి ఇచ్చిపోతే, బిర్యానీ తినిపిస్తానన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ విలేకరి చెయ్యి ఊరుకోదు. ఏం మాట్లాడాలో కూడా కాగితం మీద రాసిచ్చాడు.

మొదటి ఆదివారం మొయిజ్ వచ్చి, గుమ్మంలో బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడి అప్పజెప్పాడు.

"భాబీ, మీ వారి కలం నుంచి జాలువారిన అక్షరాల వల్ల మా వ్యాపారం అభివృద్ధి పథంలో దూసుకుపోతున్నది. ఈ చిరు పారితోషికాన్ని స్వీకరించగలరు."

సునంద నోట్లు అందుకోకుండానే అడిగింది.

"మొయిజ్ భాయ్, పంక్చర్లకు పాంప్లెట్ ఎందుకు?"

దీనికి జవాబు కాగితంలో లేదు. మొయిజ్ దివాకర్ దిక్కు చూశాడు. దివాకర్ ఫ్యాన్ దిక్కు చూశాడు.

"ఈ నడుమ రోడ్ల మీద మేకులు తక్కువైనయ్ భాబీ" అన్నాడు మొయిజ్ చివరికి. "గిరాకీ లేదు."

ఆమె వెయ్యి తీసుకుని పోపుల డబ్బాలో పెట్టి, చాయ్ పోసింది. గండం గడిచిందని దివాకర్ సంబరపడ్డాడు.

రెండో ఆదివారానికి పాలు పోసే అంజిలయ్యను కుదిర్చాడు. షాపులో తీరిక లేక కొత్త మాటలు రాయలేదు. పాతవే చెప్పమన్నాడు. అంజిలయ్యకు నోటికి రాక అరచేతిలో రాయించుకున్నాడు. దార్లో పాల క్యాన్లు పట్టుకునేసరికి సగం చెరిగిపోయింది.

"బిడ్డా, మీ వారి కలం నుంచి జాలువారిన పాల వల్ల" అని మొదలుపెట్టి, అరచేయి వెలుతురుకు పెట్టి చూసి, "మా బర్రెలు అభివృద్ధి పథంలో దూసుకుపోతున్నయ్" అని ముగించాడు.

"యాడికి పోయినయ్ బాపూ?" అని అడిగింది సునంద.

"చెరువు దిక్కు" అన్నాడు అంజిలయ్య. అబద్ధం చెప్పడం ఆయనకు అంతవరకే చేతనైంది.

రెండో వెయ్యి కూడా డబ్బాలోకి పోయింది. బయట మాత్రం వేరే వార్త పుట్టింది. దివాకర్ ఇంటికి పోయి నాలుగు ముక్కలు చెప్తే బిర్యానీ పెట్టిస్తున్నాడని బస్టాండు దాకా తెలిసింది. దివాకర్ రాసిన ఏ వార్తకూ అంత ప్రచారం రాలేదు.

మూడో ఆదివారం అతను స్నానంలో ఉండగా గేటు చప్పుడైంది. లుంగీ, బనియన్‌తో బయటికొచ్చేసరికి ముందుగదిలో నలుగురు కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఆటో నడిపే బాలరాజ్, అతని బావమరిది, వెనక గల్లీ ఇంద్రమ్మ, ఒక పక్కగా రజియా బేగం. సునంద కుర్చీ వేసుకుని ఒక్కొక్కరితో అప్పజెప్పించుకుంటున్నది.

"నాకు కాగితం గూడ అక్కరలేదు" అని ఇంద్రమ్మ జాలువారిన దగ్గర్నుంచి స్వీకరించగలరు దాకా ఒక్క గుక్కలో చెప్పేసింది. "అన్నా, నాకింకో డైలాగియ్యి, ఇది అందరు చెప్తున్నరు" అన్నాడు బాలరాజ్. దివాకర్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రజియా బేగం ఒక్కతే ఏమీ అప్పజెప్పలేదు. ఆమెకు బిర్యానీ సంగతే తెలియదు. ఇక్కడెవరో బాగా రాస్తారని విని వచ్చింది. నాలుగు నెలల నుంచి పింఛన్ రావడం లేదు, అర్జీ రాయాలి, అంతే.

దివాకర్ ఉపాయం సంగతి మరిచిపోయాడు. నేల మీదే కూర్చుని, ఎప్పటి నుంచి ఆగింది, ఏ ఆఫీసుకు పోయావు, ఎవరేమన్నారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. తర్వాత అర్జీ రాసి చదివి వినిపించాడు. ఒక్క పేజీ. అందులో ఏదీ జాలువారలేదు, ఏదీ దూసుకుపోలేదు. తన బాధ అంత సాఫుగా బయటి మనిషి నోట విని రజియా బేగం కళ్లు తుడుచుకున్నది. కొంగు ముడి విప్పి యాభై రూపాయలు తీస్తే దివాకర్ ఆమె చెయ్యి వెనక్కి నెట్టాడు.

అందరూ వెళ్లాక సునంద గోడ దిక్కు చూసి, లెక్క ఎంతదాకా వచ్చిందని అడిగింది.

"రెండు వేలు. అవి గూడ నాయే" అన్నాడు దివాకర్. "పట్టా తీసి సజ్జ మీద పెడ్తా."

"మొదటి ఆదివారమే ఎరుకైంది. మొయిజ్ భాయ్ పుట్టినప్పటి సంది జాలువారిన అన్నడా? నీ మాట ఎవరి నోట్ల ఉన్నా నేను గుర్తుపడ్త."

ఆమె బీరువా తెరిచి చీరల కింద నుంచి మడత పెట్టిన కాగితం తీసింది. ఆరేళ్ల కింద కంపెనీకి పెట్టుకున్న దరఖాస్తు నకలు. పెళ్లయ్యాక పదేళ్లు ఇంట్లోనే ఎందుకున్నారో అందులో రాయమని కంపెనీవాళ్లంటే ఆమె ఏడుపు మొహం పెట్టింది. దివాకర్ రాసిచ్చాడు. రాసి, మరిచిపోయాడు.

సునంద పైకి చదివింది. "పదేళ్లలో మా ఇంట్లో ఉప్పు నిండుకున్న రోజు లేదు. ఏ సామాను ఎప్పుడు అయిపోతుందో నాకు ముందే తెలుస్తుంది. మీ స్టోర్ ఇంకొంచెం పెద్దది, అంతే."

చదివి మళ్లీ మడత పెట్టింది.

"మేనేజర్ గీ ముక్క చదివి నవ్విండు. ఇంకేం అడగలే. ఒకటో తారీకు నాకొచ్చే జీతం నీ పట్టా సంపాదననే. ఆరేండ్ల సంది వస్తున్నది, నీకే ఎరుకలేదు."

మరి సజ్జ మీద పెడతానని ఎందుకన్నావని దివాకర్ అడిగాడు.

"గోడకు వేలాడేసి రాసుడు బంద్ పెట్టినవ్. పంతానికైన మూడు వారాల్ల ఒక్క కాగితం రాస్తవనుకున్న. నువ్వు బర్రెలకు డైలాగులు రాసినవ్."

మధ్యాహ్నం ఫిల్టర్ మనిషి వచ్చాడు. సునంద ముందే మాట్లాడి పెట్టింది. పైపు, వైరు పొడుగు పెంచి అవతలి గోడకు బిగించాడు. దానికి రెండు వేలయింది. ఆమె పోపుల డబ్బా తీసి, జీలకర్ర వాసన వేస్తున్న ఐదు వందల నోట్లు నాలుగు ఇచ్చేసింది. దివాకర్ తన బోనస్ గడప దాటిపోవడం చూస్తూ నిలబడ్డాడు.

ఫిల్టర్ మనిషి వెళ్లాక సునంద చెయ్యి చాపింది. "మూడోది?"

"ఏ మూడోది?"

"ఏ డబ్బాల ఎంతున్నదో నాకు ముందే తెలుస్తదని నువ్వే రాసినవ్."

దివాకర్ జేబులోని వెయ్యి తీసి ఇచ్చాడు. ఆమె ఆ నోట్లను అరచేతిలో సాఫు చేసి, మళ్లీ అతని జేబులోనే పెట్టింది. కాగితాలు, పెన్నులు తెచ్చుకోమన్నది. పింఛన్ ఆగిపోయినోళ్లు మా గల్లీలో ఇంకా ముగ్గురున్నారని రజియా బేగం పోతూ పోతూ చెప్పిందట. వచ్చే ఆదివారం వస్తారట.

తర్వాత కొత్త ఫిల్టర్ నుంచి మొదటి గ్లాసు పట్టి అతని చేతికిచ్చింది. అతను పట్టా కింద నిలబడి తాగాడు.

"ఎట్లున్నయ్?"

దివాకర్ నోటి దాకా చారిత్రక అనే మాట వచ్చింది. మింగేశాడు.

"మంచిగున్నయ్" అన్నాడు.