కొండమ్మకు లేని సుగరు

ఆ కార్తీక సోమవారం పొద్దున్నే తల్లిని మహానందికి తీసుకుపోయి, దర్శనం చేయించి, మధ్యాహ్నానికల్లా ఆళ్లగడ్డకు తిరిగి రావాలని సుబ్బరాయుడి ఏర్పాటు. తీరా బయల్దేరేసరికి డెబ్బయ్యేళ్ల కొండమ్మ గడప దాటుతూనే కళ్లు తిరిగి కూలబడింది. ఉపవాసమని ఆవిడ ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ ముట్టలేదు. ఒక అరటిపండు తినిపించి కూర్చోబెడితే సరిపోయేది. కానీ సుబ్బరాయుడి కంటే ముందు అతని కంగారు పుట్టింది. అంబులెన్సుకు ఫోన్ చేసేశాడు.

బండిలో రోగులను చూసుకునే పరంజ్యోతి ముందుగా ఆసుపత్రి కార్డు అడిగాడు. అరవై దాటినవాళ్లకు ఉచితంగా మందులిచ్చే ఆళ్లగడ్డ ఆసుపత్రివాళ్లు ఆ ఏడే అందరి జబ్బులనూ కంప్యూటర్లోకి ఎక్కించారు. నంబరు చెబితే చాలు, నంద్యాల పెద్దాసుపత్రిలో జాతకమంతా కనబడుతుంది. పరంజ్యోతి నంబరు చెప్పి, ఫోన్లో విని, కళ్లు పెద్దవి చేశాడు.

"అన్నా, మీయమ్మకు సుగరు నాలుగు వందలంట!"

ఆ సుగరు సుబ్బరాయుడిది. వయసు నలభై ఎనిమిదే కాబట్టి కార్డు రాదు, తల్లికి తెలిస్తే బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేయడం మానేస్తుంది. అందుకే రెండేళ్లుగా తల్లి కార్డుతో తనే వరుసలో నిలబడుతున్నాడు. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే ఆయన నంబరు చూస్తాడే గానీ తలెత్తి మొహం చూడడు. ఈ వెసులుబాటు తెలిసి పక్కింటి పెద్దయ్య బీపీకి, ఎదురింటి లింగమ్మ కిడ్నీలో రాయికి అదే కార్డు అడిగి పట్టుకుపోయారు. ఇరుగుపొరుగు అడిగితే లేదని ఎలా అంటాం?

బండి నంద్యాల వైపు కదిలింది. కొండమ్మ కళ్లు తెరిచింది.

"ఒరే సుబ్బడూ, కడుపు కాలిపోతాంది. ఉపాసం పోతే పోనీ, ఒక పండియ్యి."

"సుగరుకు పండు కూడదు అవ్వా," అన్నాడు పరంజ్యోతి.

"నాకు సుగరేందీ?"

"చానామందికి ఉన్నట్టే తెలీదులే."

శిరివెళ్ల దగ్గర ఉప్పేసిన మజ్జిగ అడిగింది. బీపీకి ఉప్పు పనికిరాదన్నాడు. నంద్యాల పొలిమేరల్లో, పోనీ గుక్కెడు నీళ్లన్నా పోయమంది. అప్పుడే ఫోన్ మోగింది. రాయికి ఆపరేషన్ రాసి ఉందట, కడుపు ఖాళీగా ఉంచమన్నారట.

"వీడెవడప్పా, నన్ను ఎండబెట్టి సంపుతాండాడు!" అని మూలిగింది కొండమ్మ.

సుబ్బరాయుడు మూడుసార్లు నోరు తెరిచాడు, మూడుసార్లూ మూశాడు. నిజం చెబితే కార్డు పోతుంది, కేసు పెట్టినా పెడతారు. చెప్పకపోతే? తల్లి చెయ్యి పట్టుకు చూశాడు. చెమటతో చల్లగా ఉంది. అతనికి ఏడుపొచ్చింది.

నంద్యాలలో అంతా సిద్ధం చేసి ఉంచారు. డాక్టరు సంధ్య కంప్యూటర్లోంచి చదువుతోంది, నర్సు సూదిలోకి ఇన్సులిన్ ఎక్కిస్తోంది. సుగరు అమాంతం దించే మందు అది. ఖాళీ కడుపు మీద అది పడితే ఏమవుతుందో రెండేళ్లుగా సుగరు మోస్తున్న సుబ్బరాయుడికి చెప్పక్కర్లేదు. ఒక్క దూకు దూకి నర్సు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మేడమ్! ఆ సుగరు నాది! బీపీ పెద్దయ్యది, రాయి లింగమ్మది! మాయమ్మకు ఉండేది ఆకలొక్కటే!"

డాక్టరు సంధ్య అతణ్ణి ఎగాదిగా చూసి, ఇద్దరి వేళ్లూ పొడిపించింది. కొండమ్మ సుగరు యాభై ఐదు. సుబ్బరాయుడిది నాలుగు వందల ముప్ఫై.

"ఆ సూది ఈయనకు వెయ్యండి," అంది డాక్టరు. "ఆమెకు ముందు గ్లూకోజు పెట్టి, తేరుకున్నాక ఇడ్లీ తెప్పించండి."

గంట గడిచేసరికి మంచం మీద సుబ్బరాయుడు ఉన్నాడు. పక్కన స్టూలు మీద కొండమ్మ నాలుగో ఇడ్లీ తింటోంది.

"సుగరు పెట్టుకొని మొన్న ఆరు ఓళిగలు మింగితివి కదరా! నీకేమన్నా అయ్యుంటే నేనేం కావాల?" అని తిడుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సుబ్బరాయుడికి ఆ తిట్లు చల్లగా ఉన్నాయి.

మూడు రోజులకు అతని సుగరు దారికొచ్చింది. ఇంటికి పంపుతూ ఆసుపత్రివాళ్లు కంప్యూటర్లోంచి తీసి ఇచ్చిన కాగితంలో, కొండమ్మకు సుగరు తగ్గిందని ఉంది.