ఆయిల్ కూలర్ ఉన్నది

“ఆయిల్ కూలర్ అమర్చబడని ఏ వాహనమునూ సంఘ ఊరేగింపు అగ్రభాగమున నడుపుటకు అనుమతింపబడదు!”

బే ఏరియా ఆంధ్ర వాహన సంఘం వారి ఏడో తీర్మానం అది. శాంటా క్లారాలో, టెక్నికల్ కమిటీ చైర్మన్ జగన్మోహన్ ఇంట్లో, మిరపకాయ బజ్జీల సాక్షిగా ఏకగ్రీవంగా నెగ్గింది. ఫ్రీమాంట్ శ్యామ్‌సుందర్ ఒక్కడే అభ్యంతరం చెప్పాడు.

“ట్రాక్ మీద గంటల తరబడి తోలే కారుకి కదండీ ఆయిల్ కూలర్? గుడికి వెళ్ళడానికి ఎందుకు?”

“శ్యామ్, ఇది టెక్నికల్ మేటర్” అన్నాడు జగన్మోహన్ గంభీరంగా. ఆయన పళ్ళ డాక్టరు.

ఏటా దసరాకి ఇండియా నుంచి ఎవరో ఒక పెద్దమనిషి వస్తాడు. ఆయన్ని ఎయిర్‌పోర్టు నుంచి లివర్‌మోర్ గుడికి కార్ల ఊరేగింపులో తీసుకువెళ్ళాలి. అన్నిటికంటే ముందు నడిచే కారు సంఘంలోకెల్లా ఘనమైన కారై ఉండాలి. ఆ ఘనతకి కొలబద్ద ఆయిల్ కూలర్. ఇంజన్‌లో సలసల కాగిన ఆయిల్‌ని ఒక గొట్టం ముందుకి తెస్తుంది. రేకుల పెట్టెలో గాలికి అది చల్లారుతుంది. రెండో గొట్టం మళ్ళీ లోపలికి తీసుకుపోతుంది. అదీ ఆయిల్ కూలర్ అంటే. రేసు కార్లకి అది ప్రాణం. పెద్దమనుషులకి అది పరువు.

1987లో మంత్రిగారే వస్తున్నారని కబురు అందగానే రాధాకృష్ణకి నిద్ర పట్టలేదు.

అతనికి ఎర్రటి స్పోర్ట్స్ కారుంది. సెకండ్‌హ్యాండుదే అయినా సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. రెండేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున్నే ఆ కారులో బయల్దేరతాడు. ఎక్కడికంటే, “సియర్స్ పాయింట్‌కి. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొట్టకపోతే నాకు వీకెండ్ కాదు గురూ!” అంటాడు. వెళ్ళేది సన్నీవేల్ లాండ్రోమ్యాట్‌కి. వారం బట్టలు ఉతికించుకుని, అవి ఆరేదాకా కార్ల పత్రిక చదువుకుని తిరిగొస్తాడు. ఊరంతా అతన్ని ‘రేసు రాధాకృష్ణ’ అంటుంది. ఈ దసరాకి ఊరేగింపులో ముందు నడిచే కారు ఇంకెవరిదైనా అయితే ‘మరి నీది రేసు కారేనా?’ అని అడుగుతారు. ఒకసారి అడగడం మొదలుపెడితే ఆ ప్రశ్న లాండ్రోమ్యాట్ దాకా రాదని గ్యారంటీ ఏముంది?

అందుకే ఎల్ కమినో రోడ్డు మీది రేసు కార్ల సామాన్ల షాపుకి వెళ్ళి ఆయిల్ కూలర్ కొన్నాడు. కౌంటరు వెనక బోర్డు ఉంది. ముప్ఫై రోజుల్లో వాపసు తీసుకుంటారు. రసీదూ, పెట్టె ఉండాలి. ఆయిల్ తగిలిన సరుకు మాత్రం వాపసు లేదు.

రాధాకృష్ణ ఆ బోర్డుని మూడుసార్లు చదివాడు. మూడోసారికి అతని మొహం వెలిగిపోయింది.

“తిరిగి ఇచ్చేద్దామనా?” అంది సుమతి, గరాజ్‌లో పెట్టె విప్పుతున్న మొగుణ్ణి చూసి.

“నువ్వు మాత్రం పోయిన దీపావళికి కొన్న వీడియో కెమెరా ఏం చేశావు?”

“అది వేరు. దాంతో నిజంగానే వీడియో తీశాం.”

రాధాకృష్ణ పెట్టెలోంచి కూలర్‌ని పైకి తీశాడు. కూలర్‌కి చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పలేదు. దాని కింద, రేకుల అంచున, చిన్న ఎర్ర చుక్క ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళు పరీక్ష చేసి పెట్టిన గుర్తనుకుని మురిసిపోయాడు. కూలర్‌ని తెచ్చి ముందు జాలీ వెనక, రేడియేటర్‌కి అడ్డంగా పెట్టి, నాలుగు ప్లాస్టిక్ పట్టీలతో కట్టాడు. రెండు గొట్టాల కొసలూ బ్యాటరీ వెనక దోపాడు. ఇంజన్ దాకా తీసుకువెళ్తే ఆయిల్ తగులుతుంది. ఆయిల్ తగిలితే వాపసు లేదు! మొత్తం ఐదు నిమిషాల పని. మిగిలిన రెండు గంటలూ పొరుగువాళ్ళు వినాలని రెంచీతో నేల మీద కొడుతూ కూర్చున్నాడు.

మర్నాడు తనిఖీ.

జగన్మోహన్ అట్ట మీద ఫారం పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని వచ్చాడు. వెంట ఆయన మామగారు వీరాంజనేయులు. ఏలూరు ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్ళు ఫోర్‌మన్‌గా చేసి రిటైరై, కూతుర్ని చూడటానికి వచ్చాడు. నెల రోజులుగా చేతులకి గ్రీజు అంటక దిగులుపడి ఉన్నాడు.

“వాహనం రంగు?”

“ఎరుపు.”

“ఆయిల్ కూలర్ ఉన్నదా, లేదా?”

“చూడు గురూ!”

జగన్మోహన్ వంగి జాలీలోంచి టార్చి వేశాడు. వెలుగు ఎర్ర చుక్క మీద ఆగింది. ఆగాల్సిన దానికంటే ఎక్కువసేపే ఆగింది. ఆయన దగ్గాడు.

“మంచి మోడలు” అని, ఫారంలో ‘ఉన్నది’ అని రాశాడు.

“పని చేస్తుందా?” అన్నాడు వీరాంజనేయులు.

“మామయ్యగారూ, ఫారంలో ఆ కాలమ్ లేదండీ.”

“ఓసారి బానెట్ ఎత్తమంటే…”

“మీరు జెట్ లాగ్‌లో ఉన్నారు, పదండి.”

దసరా ఆదివారం ఎండ పేలిపోతోంది. మంత్రిగారు మెడ నిండా దండలతో ఎర్ర కారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనక సీటు చంటిపిల్లలకి సరిపోతుంది. అందులో ఆయన ఇద్దరు అనుచరులు మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని కూర్చున్నారు. వెనకాల పంతొమ్మిది కార్లు. మొదటిది జగన్మోహన్ది.

దారిలో డబ్లిన్ ఊరి వైపు ఎత్తు మొదలయ్యేసరికి రాధాకృష్ణ గంటకి నలభై ఎనిమిది మైళ్ళకి తగ్గాడు. చెత్త లారీ ఒకటి హారన్ కొట్టి దాటిపోయింది.

“ఇది రేసు కారేగా?” అన్నారు మంత్రిగారు.

“అవునండీ. వేగమంతా లోపలే ఉంటుందండీ.”

నిజంగానే లోపల ఏదో ఉంది. అది బయటికి రావడానికి సిద్ధంగా ఉంది! వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ అంచుల్లోంచి ముందు సన్నగా, తర్వాత ఇడ్లీ కుక్కర్ మూత తీసినట్టు ఆవిరి లేచింది. రాధాకృష్ణ కారు పక్కకి తీశాడు. వెనక పంతొమ్మిది కార్లూ పక్కకి తీశాయి.

జగన్మోహన్ దిగి ఆజ్ఞలు జారీచేసేలోపు వీరాంజనేయులు బానెట్ ఎత్తేశాడు. ఆవిరి పలచబడగానే తిన్నగా ఆయిల్ కూలర్ మీద అరచెయ్యి వేశాడు.

“బాబాయిగారూ, కాలుతుంది!” అని నలుగురు అరిచారు.

ఆయన చెయ్యి తీయలేదు.

“చల్లగా ఉందే!”

“కూలర్ కదండీ, చల్లగానే ఉంటుంది” అన్నాడు రాధాకృష్ణ.

మంత్రిగారు సబబేనన్నట్టు తలాడించారు. వీరాంజనేయులు ఒక గొట్టం పట్టుకుని లాగాడు. ఎంత పొడుగుందో అంతా చేతిలోకి వచ్చింది. కొసన సుమతి పాత సాక్సు కుక్కి ఉంది.

“ఇది ఎక్కడికి పోవాలి బాబూ?”

“ఇంజన్‌లోకండీ.”

“ఎక్కడికి పోతోంది?”

రాధాకృష్ణ రోడ్డు వైపు చూశాడు. ఏ లారీ అయినా వచ్చి తనని గుద్దితే బావుణ్ణనిపించింది. అన్నీ యాభై ఐదు మైళ్ళ రూలు దాటకుండా పోతున్నాయి.

“రేడియేటర్‌కి గాలి తగలకుండా దీన్ని అడ్డం కట్టావు. అదీ ప్లాస్టిక్ కాగితంతో సహా! ఇది లేకపోతే నీ కారు సుబ్బరంగా కొండెక్కేదయ్యా!” అన్నాడు వీరాంజనేయులు.

అందరూ జగన్మోహన్ని చూశారు. ఫారం మీద సంతకం ఆయనదే మరి.

నవ్వింది మంత్రిగారొక్కరే! దండలు ఊగేలా నవ్వారు.

“నేను మా నియోజకవర్గంలో మూడు నీళ్ళ ట్యాంకులకి ప్రారంభోత్సవం చేశాను. ఒక్కదానికీ గొట్టం లేదు. ఇంత దూరం వచ్చీ మనవాళ్ళు మన పద్ధతి వదల్లేదంటే కళ్ళు చెమరుస్తున్నాయయ్యా! ఏదీ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి, ఫొటో తీయండి.”

మంత్రిగారు ఆయిల్ కూలర్‌ని బిడ్డలా ఎత్తుకుని ఫొటో దిగారు. సాయంత్రం వేదిక మీద ‘ఇంజన్ కాగిపోయినా తాను చల్లగా ఉండే అద్భుత యంత్రం’ అని పొగిడారు. రాధాకృష్ణకి శాలువా కప్పారు. జగన్మోహన్ వెంటనే అతన్ని టెక్నికల్ కమిటీలోకి తీసుకున్నాడు. కమిటీలో ఉన్నవాడు కమిటీ గురించి బయట మాట్లాడడు కదా! వీరాంజనేయుల్ని మాత్రం వెనక వరసలో కూర్చోబెట్టారు.

వారం తర్వాత రాధాకృష్ణ పెట్టెతో షాపుకి వెళ్ళాడు. కౌంటర్‌లో ఉన్నావిడ కూలర్‌ని తిప్పి చూసింది. గొట్టాల్లో తెల్ల గుడ్డ పెట్టి తుడిచి చూసింది. చుక్క ఆయిల్ లేదు.

“రూలు రూలే” అని నిట్టూర్చి, పెట్టె అడుగున వాపసు చీటీ అతికించింది. అక్కడ అప్పటికే మూడు చీటీలున్నాయి. “ఏటా అక్టోబర్‌లో వెళ్తుంది, నెల తిరక్కుండా వచ్చేస్తుంది. మళ్ళీ కాగితం చుట్టి పెడతాం. ఇంతకీ ఈ ఎర్ర చుక్క ఏమిటి? నేను ఫ్యాక్టరీ గుర్తనుకున్నాను.”

రాధాకృష్ణ చీటీలు చదివాడు. అన్నిటికంటే అడుగున, 1984 నవంబరు, జగన్మోహన్!

అది ఫ్యాక్టరీ గుర్తు కాదు. వాహన పూజలో పెట్టిన కుంకం బొట్టు.

“అవునండీ, ఫ్యాక్టరీ గుర్తే” అన్నాడు రాధాకృష్ణ.

మరుసటి దసరాకి అతనే కమిటీ చైర్మన్. ముందు కారు కోసం దరఖాస్తు పెట్టింది ఎవరో కాదు, శ్యామ్‌సుందర్! రాధాకృష్ణ అట్టా, ఫారమూ, టార్చీ పట్టుకుని ఫ్రీమాంట్ వెళ్ళాడు. తోడుగా జగన్మోహన్ వచ్చాడు. శ్యామ్‌సుందర్ అప్పుడే ఎక్కణ్ణుంచో వచ్చి కారు ఆపాడు. పక్క సీట్లోంచి వీరాంజనేయులు దిగాడు. మళ్ళీ ఆరు నెలల వీసా మీద వచ్చాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజుంది. ఏలూరు వదిలాక ఆయన మొహం అంత సంతోషంగా ఉండగా ఎవరూ చూడలేదు.

రాధాకృష్ణ వంగి టార్చి వేశాడు. ఎర్ర చుక్క! జగన్మోహన్ వైపు చూసి నవ్వాడు. దగ్గాడు.

“మంచి మోడలు” అన్నాడు. ‘ఉన్నది’ అని రాశాడు. బానెట్ ఎత్తించి, పాత నేస్తం భుజం తట్టినట్టు, కూలర్ మీద అరచెయ్యి ఆనించాడు.

“అబ్బా! అమ్మో!”

అట్ట ఎగిరి డ్రైవ్‌వే అవతల పడింది. అరచెయ్యి బొబ్బలెక్కింది.

“జాగ్రత్తండీ” అన్నాడు శ్యామ్‌సుందర్ కంగారుగా. “సియర్స్ పాయింట్ నుంచి ఇప్పుడే వచ్చాం. ఇరవై రౌండ్లు తోలాను. ఆయిల్ ఇంకా కాగుతోంది.”

“అంటే… గొట్టాలు?”

“రెండూ ఇంజన్‌లోకే. రేడియేటర్‌కి అడ్డం రాకుండా పక్కకి జరిపి బిగించాం. బాబాయిగారే దగ్గరుండి చేయించారు. రెండు ఆదివారాలు పట్టింది.”

జగన్మోహన్ రాధాకృష్ణ వైపు తిరిగాడు.

“ఆయిల్… తగిలించాడా?”

“తగిలించాడు” అన్నాడు రాధాకృష్ణ, చెయ్యి ఊదుకుంటూ.

“ఇంక వాపసు తీసుకోరు!”

“తీసుకోరు.”

“ఊరు మొత్తానికి ఉన్నది ఒక్కటే కదయ్యా!” జగన్మోహన్ నెత్తి బాదుకున్నాడు. “వచ్చే దసరాకి ఎవరేం పెట్టుకుంటారు? సంఘం ఆస్తిని నాశనం చేశావు కదయ్యా శ్యామ్!”

శ్యామ్‌సుందర్ తెల్లబోయి చూశాడు. వీరాంజనేయులు అవతల పడ్డ అట్టని తీసి, దుమ్ము దులిపి, చైర్మన్‌కి అందించాడు.

“రాయండి బాబూ. పని చేస్తోంది.”

“ఫారంలో ఆ కాలమ్ లేదండీ” అన్నారు కమిటీ సభ్యులిద్దరూ ఒక్క గొంతుతో.

కాలిన చేత్తో కలం పట్టలేక, రాధాకృష్ణ ‘ఉన్నది’ని ఎడమచేత్తోనే కొట్టేశాడు. దాని పక్కన వంకర అక్షరాలతో రాశాడు: “అనర్హుడు.”