కోళ్ళవాగు మీద తెరచాప

రెండో శనివారం పొద్దున ఏడింటికల్లా సాల్మన్, కోమల స్కూటర్ మీద మహబూబ్‌నగర్ దాటేశారు. ముందు కాళ్ళ దగ్గర గారెలు, పులిహోర, కోడికూర ఉన్న నాలుగు గిన్నెల క్యారియర్. కోమల కళ్ళకు కొత్త నల్లద్దాలు, సాల్మన్ నెత్తిన ఎండకు కొన్న తెల్లటోపీ. ఎక్కడికి పోతున్నారో ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తాళం వేసి, ఆ తాళం కనబడకుండా దాని మీద తువ్వాలు ఆరేసి వచ్చారు.

అంత జాగ్రత్త ఎందుకంటే, సాల్మన్ సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీస్తాడు. నాలుగు మండలాల్లో వాళ్ళ చుట్టాలలో ఎవరి ఎముక విరిగినా ముందు వచ్చేది సాల్మన్ ఇంటికే. పెళ్ళైన మూడోనాడే మేనత్త బిక్షమ్మ విరిగిన మణికట్టుతో దిగింది. కట్టు విప్పేదాకా ఆరు వారాలు కొత్త మంచం మీద ఆమె పడుకుంది, కొత్త దంపతులు వరండాలో పడుకున్నారు. అప్పటినుంచి ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరిదో ఒకరి కాలో చెయ్యో దిండు మీద ఆని ఉండని రోజు లేదు.

పోయిన నెల కోమల, అంగన్‌వాడీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నాకు చీరొద్దు, బంగారమొద్దు. పెండ్లిరోజుకు ఒక్క దినం మనిద్దరమే ఉండాలె. మూడో మనిషి మొకం కనబడొద్దు."

సాల్మన్ పది రోజులు ఆలోచించాడు. పార్కుకు పోదామంటే అక్కడ కాంపౌండరు తమ్ముడు కాపలా ఉంటాడు. సినిమాకు పోదామంటే టికెట్లు చింపేవాడికి తనే రెండుసార్లు మోకాలు ఎక్స్‌రే తీశాడు. నేల మీద తనకు చోటు లేదని తేలిపోయింది. ఆ రాత్రే ఫోనులో ఒక వీడియో చూశాడు. ఏ దేశమోగానీ, మంచినీళ్ళ సరస్సు మీద తెరచాప పడవ ఒకటి చప్పుడు లేకుండా పోతోంది. అందులో ఒక ఆడ, ఒక మగ తప్ప పురుగు లేదు. సాల్మన్ కోళ్ళవాగు రిజర్వాయర్ గుర్తు చేసుకున్నాడు.

కోళ్ళవాగు ఎత్తిపోతల నీళ్ళతో నింపిన రిజర్వాయర్. చుట్టూ నల్లగుండ్లు, నడుమ మునిగిన గుట్టల తలకాయలు, ఒడ్డెంట ఈతచెట్లు. చూడటానికి సముద్రమంత ఉంటుంది. కట్టకు ఇవతల అన్ని నీళ్ళున్నా, అవతల కాలువలో మాత్రం చుక్క లేదు. రెండేళ్ళుగా యాసంగి పంటకు నీళ్ళు విడవమని పైనుంచి ఆర్డరు రాలేదు. ఎందుకు రాలేదో ఆఫీసులో అడిగితే, పైవాళ్ళను అడగమనేవారు. పైవాళ్ళను అడిగితే, ఆఫీసులో అడగమనేవారు.

ఒడ్డున చేపలు పట్టే కాటమయ్య తన ఫైబర్ పడవను కడిగి సిద్ధంగా పెట్టాడు. తెరచాప పడవను అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా సాల్మన్ ఫోనులో చూపించిన బొమ్మను బట్టి రెండు బొంగులు కట్టి, పైబొంగుకు ఒక పెద్ద ఫ్లెక్సీని చుట్ట చుట్టి ఉంచాడు. రెండేళ్ళ కింద కట్ట మీద నుంచి గాలికి ఎగిరొచ్చి కంపకు చిక్కుకుంటే తెచ్చుకుని, ఇన్నాళ్ళూ వలల మీద కప్పుకున్నానని చెప్పాడు.

"రాతున్న దిక్కు ముంగటికి వెట్టిన సారూ. మీ దిక్కు సాఫుగ తెల్లగుంటది," అన్నాడు.

రాత ఏమిటని సాల్మన్ అడిగాడు. తనకు చదువు రాదనీ, ఏదో లీడరు పుట్టినరోజుది అయ్యుంటుందనీ కాటమయ్య జవాబిచ్చాడు. తానూ వెంట వస్తానన్నాడుగానీ సాల్మన్ ఒప్పుకోలేదు. కాటమయ్య మూడో మనిషే కదా. ఫోన్లు రెండూ ఆపి స్కూటర్ డిక్కీలో పెట్టి, తెడ్డుతో ఒడ్డును నెట్టి బయల్దేరాడు. నీళ్ళ నడుమకు పోయాక తాడు లాగితే ఫ్లెక్సీ జారి విచ్చుకుంది. వెనకనుంచి గాలి నిండింది. పడవ కదిలింది.

ఇరవై నిమిషాలు స్వర్గంలా గడిచింది. ఎవరూ తలుపు కొట్టలేదు. ఎవరూ నొప్పి అనలేదు. కోమల నీళ్ళలో చెయ్యి పెట్టి ఏదో కూనిరాగం తీస్తోంది. తన భార్యకు పాట వచ్చని సాల్మన్‌కు ఆరోజే తెలిసింది.

అంతలో గాలి పడవను ఒడ్డు వైపు తీసుకుపోయింది. ఒడ్డున ఒకడు బండి ఆపి పాలక్యాన్లు కడుగుతున్నాడు. అతను ప్రవీణ్ అనే పాలవ్యాపారి. సాల్మన్‌కు ప్రాణం ఉసూరుమంది. నిలబడి, చేత్తో గట్టిగా పొమ్మని సైగ చేశాడు. ప్రవీణ్ తలెత్తి తెరచాపను చూశాడు, టోపీ పెట్టుకున్న మనిషిని చూశాడు. క్యాన్లు అక్కడే వదిలి బండెక్కి మాయమయ్యాడు. ఇంకాస్త దూరాన గొర్లకాపరులు కనబడ్డారు. సాల్మన్ మళ్ళీ సైగ చేశాడు. రెండు నిమిషాల్లో మూడొందల గొర్లు గుట్టెక్కాయి. బట్టలుతికే ఆడవాళ్ళు తడిబట్టలతోనే కట్ట దాటారు. ఎక్కడ చెయ్యి ఊపితే అక్కడ ఒడ్డు ఖాళీ అవుతోంది. ఇంతటి మర్యాద మనుషుల్లో ఇంకా మిగిలి ఉందా అని సాల్మన్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి.

అటువైపు ఏం జరిగిందో అతనికి తర్వాత తెలిసింది. తెరచాప ముందువైపు ఎర్రటి అక్షరాలతో ఇలా ఉంది: "హెచ్చరిక. ఈ దినము కాలువకు నీరు విడుదల చేయబడును. ప్రజలు, పశువులు దూరముగా ఉండవలెను."

ప్రవీణ్ బండి మీద నుంచే పిట్టలగూడ సర్పంచి నర్సింగమ్మకు ఫోన్ చేశాడు. పిట్టలగూడ కాలువ చివరి ఊరు. అక్కడ నాట్లేసిన మళ్ళు నెర్రెలు బారి రెండు వారాలైంది. నీళ్ళ కోసం నర్సింగమ్మ ఎక్కని మెట్టు, పెట్టని దరఖాస్తు లేదు.

"అక్కా, నీళ్ళిడుస్తున్నరు. ఆఫీసరు మేడంను ఎంట వెట్టుకొని పడవ మీద తిరుక్కుంట అందర్ని ఎల్లగొడ్తుండు," అన్నాడు ప్రవీణ్.

నర్సింగమ్మ ఒక్కమాటా అడగలేదు. అడిగితే నీళ్ళు వెనక్కి పోతాయేమోనని ఆమె భయం. పంచాయతీ మైకులో చాటింపు వేయించింది. ఊరు ఊరంతా ట్రాక్టర్లతో, గొడ్డళ్ళతో కాలువలోకి దిగింది. రెండేళ్ళుగా పెరిగిన కంప గంటన్నరలో పోయింది. కాలువలో కుర్రకారు కట్టుకున్న వాలీబాల్ వల పోయింది. బాలనర్సమ్మ అనే ముసలామె కాలువ నడుమనే బర్రెలకు పాక వేసుకుంది. విప్పే తీరిక లేక పన్నెండు మంది ఆ పాకను ఎత్తి భుజాన పెట్టుకున్నారు. బర్రెలు నీడ వదులుకోవడం ఇష్టంలేక పాక కిందే నడుచుకుంటూ గట్టెక్కాయి.

రిజర్వాయర్ చూసుకునే చిన్న ఇంజనీరు సతీశ్ ఆ సమయంలో గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది. ఎవరో ముసలమ్మ ఫోన్ చేసి నీ కడుపు చల్లగుండ బిడ్డా అని దీవించి పెట్టేసింది. తర్వాత వరసగా పదకొండు దీవెనలు, వాటితోపాటు పడవ మీద వచ్చి నీళ్ళు విడిపిస్తున్న ఆఫీసరు కబురూ వచ్చాయి. నీళ్ళు విడుస్తున్న సంగతి అతనికి తెలియదు. పై అధికారికి ఫోన్ చేశాడు. ఆయనకూ తెలియదు, కానీ తెలియదని కిందివాడితో ఎలా చెబుతాడు?

"పడవ మీద వచ్చిండంటె పెద్దమనిషే అయ్యుంటడు. నన్ను అడుగుడు బంద్ జేసి, ఆయన ఏం జెప్తె అది జెయ్యి," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. సతీశ్ రెండో చెంప అలాగే వదిలి బయల్దేరాడు.

ఇక్కడ నీళ్ళ మీద గాలి జోరందుకుంది. పడవ నేరుగా కట్ట వైపు, తూము ఉన్న దిక్కుకే పోతోంది. సాల్మన్ తెరచాప దించబోయాడు. కాటమయ్య వేసిన ముడి ఊడలేదు. తెడ్డు వేయబోయాడు. పడవ చుట్టూ తిరిగి మళ్ళీ అటే పోయింది. కట్ట మీద వెయ్యిమంది ఉన్నారు. డప్పులు మోగుతున్నాయి. మెడలో బంతిపూల దండతో ఒక మేక అందరికంటే ముందు నిలబడి ఉంది.

ఇంతమందిలో ఎవరి చెయ్యి విరిగిందోనని సాల్మన్‌కు మొట్టమొదట వచ్చిన ఆలోచన. తామిద్దరం మునిగిపోయామని ఎవరో పుకారు పుట్టించారేమోనని రెండోది. ఈలోగా తూముకు నూరు గజాల ఇవతల పడవ రాళ్ళకు కొట్టుకుని ఒక పక్కకు ఒరిగింది. కోమల క్యారియర్‌ను ఒళ్ళో పెట్టుకుని బొంగును కరుచుకుంది.

కట్ట మీదనుంచి సగం గడ్డంతో ఒక యువకుడు చేతులు జోడించి అరిచాడు. "సార్, ఎత్తమంటరా?"

ఎంత మంచి పిల్లవాడు, తమను ఎత్తి ఒడ్డున పెడతానంటున్నాడు అనుకున్నాడు సాల్మన్. "అడుగుడేందయ్యా, ఎత్తుండ్రి. జల్ది ఎత్తుండ్రి."

"ఎంత ఎత్తాలె సార్?"

సాల్మన్ తన వృత్తిలో చూసిన నడుములన్నీ తలుచుకున్నాడు. "మొత్తం ఎత్తుండ్రి. సగం ఎత్తి ఇడిస్తె ఇరుగుతది," అన్నాడు.

తూము షట్టరు సగంలో ఆగితే ఇరుసు విరుగుతుందన్న సంగతి సతీశ్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా పెద్దాయన అనుభవం మీద చెప్పాడు కదా. నలుగురు చక్రం పట్టి తిప్పారు. రెండేళ్ళుగా కదలని షట్టరు మూలిగి లేచింది. నీళ్ళు కాలువలోకి దూకిన చప్పుడుకు డప్పులు వినబడలేదు. వెయ్యిమందీ వెనక్కి తిరిగారు. నీళ్ళు ముందు, జనం వెనక, జనం వెనక మేక. ఐదు నిమిషాల్లో కట్ట మీద పిట్ట లేదు. సాల్మన్‌ను, కోమలను ఎవరూ ఎత్తలేదు. మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి, తామే రాళ్ళు పట్టుకుని పైకి వచ్చారు.

అప్పుడు సాల్మన్ మొదటిసారి తెరచాపను ముందువైపు నుంచి చూశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. గట్టు మీద కూలబడ్డాడు.

"కోమలా, నా నౌకరి పోయింది," అన్నాడు.

కోమల నల్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. "నాకు ఎర్కనే," అంది నెమ్మదిగా. "ఎండ పడ్డంక రాతంత ఎనుకముందు కనబడ్డది. మా అంగన్‌వాడిల పోరగాండ్లు గట్లనే తిప్పి రాస్తరు గదా, నాకు సదువుడు అలవాటే."

"మరి చెప్పవైతివి?"

"చెప్తె నువ్వు దించుతుంటివి. గా మందంత మల్ల ఒడ్డుకు వస్తుండె. ఇరవై మూడేండ్లకు గిప్పుడు దొరికింది జర నిమ్మలం. ఇంకో అర్ధగంట ఉండనియ్యి, తర్వాత చెప్దామనుకున్న. గాలి ఆగకపాయె."

ఆమె మొహంలో పశ్చాత్తాపం కోసం వెతికాడు. కనబడలేదు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు, నవ్వు వచ్చింది. ఒకసారి వచ్చాక ఆగలేదు. ఇద్దరూ కట్ట మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతుండగా సతీశ్ పుస్తకం, పెన్నూ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. సారు పేరు, హోదా రాసుకోవాలన్నాడు.

సాల్మన్ లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. సర్కారు దవాఖాన, ఎక్స్‌రే టెక్నీషియన్, పెళ్ళిరోజు.

సతీశ్ పుస్తకం మూసి నెమ్మదిగా అతని పక్కన కూర్చున్నాడు. షట్టరు దించుదామని తూము వైపు చూశాడు. అప్పటికే వెనక్కి వచ్చిన ముప్పైమంది ఆడవాళ్ళు చక్రం చుట్టూ చాపలు పరుచుకుని ఉన్నారు. నడుమ నర్సింగమ్మ చక్రానికి వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చుంది. దించాలంటే ముందు ఆమెను లేపాలి. ఆమెను లేపగలిగినవాడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

కోమల సతీశ్‌కు రెండు గారెలు పెట్టింది. అతను అవి తింటూ ఆలోచించాడు. నిజం రాస్తే తన ఉద్యోగమూ, సాల్మన్ ఉద్యోగమూ, తెలియకుండానే తెలిసినట్టు మాట్లాడిన పై అధికారి ఉద్యోగమూ ఒకే పడవలో మునుగుతాయి. ఆఖరికి, "తనిఖీకి విచ్చేసిన ఉన్నతాధికారి మౌఖిక ఆదేశము మేరకు షట్టరు పూర్తిగా ఎత్తడమైనది," అని రాసి, వాళ్ళిద్దరికీ దండం పెట్టి, మిగిలిన గడ్డం గీసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ కాగితం పైపైకి పోయింది. ఆ ఉన్నతాధికారి ఎవరని ఎవరూ ఎవరినీ అడగలేదు. పిట్టలగూడకు ఇరవై రెండు రోజులు నీళ్ళు పారాయి. మళ్ళు బతికాయి.

సాల్మన్, కోమల సాయంత్రందాకా ఆ కట్ట మీదే ఉన్నారు. పులిహోర తిన్నారు. కోమల ఇంకో రెండు పాటలు పాడింది. ఆడవాళ్ళు చక్రం వదలక, మిగతా జనం నీళ్ళ వెంట పోయి ఉండటంతో అటు వచ్చిన వాళ్ళు లేరు.

వచ్చే యాసంగికి కూడా ఆ ఉన్నతాధికారినే తనిఖీకి పంపవలసిందని పిట్టలగూడ పంచాయతీ తీర్మానం చేసి పంపింది. ఆ తీర్మానం ఇప్పటికీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూనే ఉంది, అందిన ప్రతి అధికారీ అది తన గురించే అయ్యుంటుందని దాని మీద వినయంగా సంతకం పెడుతున్నాడు.