గంప అడుగున కారు

మా బావకి కారు లేదు. స్కూటరూ లేదు. ఉన్న సైకిలుకి బెల్లు లేదు. ఎవరైనా అడ్డమొస్తే తనే నోటితో "ట్రింగ్" అంటాడు. అలాంటి మనిషి దగ్గర దునియాలోని పాత కార్లన్నీ ఉన్నాయంటే మీరు నమ్మరు. నేను కళ్ళారా చూశాను. ఒక రేకు పెట్టెలో ఉండేవి.

పాత కార్లను ప్రాణంగా చూసుకునే దొరలు ఎక్కడో ఒక సంఘం పెట్టుకుని, తమ కార్ల ఫొటోలతో పత్రిక వేసుకునేవారట. ఆ సంచికలు దారి తప్పి ఖమ్మంలోని పాత కాగితాల కొట్టుకి, అక్కణ్ణుంచి బావ పెట్టెలోకి చేరేవి. బావ మోతీలాల్ సర్కారు జీపు డ్రైవరు. ఆ జీపు తనంతట తాను నడిచిన దూరం కంటే జనం తోసిన దూరమే ఎక్కువ. అందుకే, తాతల కాలం నాటి కారు హ్యాండిల్ తిప్పగానే ఇప్పటికీ స్టార్టవుతుందని తెలిసిన రోజు బావ కళ్ళు తుడుచుకున్నాడు.

టైపు నేర్చుకోవడానికి నేను అప్పట్లో ఖమ్మం పక్కనే ఖానాపురం హవేలిలో అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆదివారం వస్తే బావ పెట్టె తెరిచేవాడు.

"చేతులు కడుక్కున్నవా జమ్లీ?"

"కడుక్కున్న బావా."

"తుడుచుకున్నవా?"

అప్పుడు గానీ పేజీ తిరిగేది కాదు. ఇత్తడి దీపాలు, పెళ్ళిపీటల్లా మెరిసే చెక్క తలుపులు, మా ఇంటి గడపంత పొడవున్న హారన్లు. ఊపిరి వదిలితే ఎక్కడ మసకబారుతాయోనని నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

అక్క హేమ్లి మాత్రం దూరం నుంచే చూసి, "దీంట్ల ఎన్ని మిరపకాయ బస్తాలు పడ్తయ్?" అనేది.

బావకి ఒక్కటే లోటు. మొదటి సంచిక లేదు. ఎండాకాలంలో ఒక సాయంత్రం అది కూడా దొరికింది. చొక్కా లోపల పెట్టుకుని, నడుముకి కట్టు కట్టినవాడిలా నిటారుగా ఇంటికొచ్చాడు. అట్ట మీద పసుపు కారు. పళ్ళేలంత దీపాలు రెండు. మేమిద్దరం మళ్ళీ ఒకసారి చేతులు కడుక్కొచ్చాం.

కానీ ఎండాకాలమంటే మా ఇంట్లో కాగితాలకి గండం. అక్క పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ ముద్దని వెదురు గంపలకి పూస్తుంది. కన్నాలు మూసుకుంటాయి, పురుగు పట్టదు. అంతకుముందు ఏడు బావ ఆఫీసు కాగితమొకటి అలాగే పప్పుల బుట్టయిపోయింది.

పైగా అక్క ఆ పూటే హుకుం జారీ చేసింది.

"పెట్టె ఖాళీ చెయ్యి. లాలి పెండ్లికి బట్టలు సర్దుకోవాలె. నువ్వు కూడ వస్తున్నవ్."

లాలి మా రూప్లి చిన్నమ్మ కూతురు. పెళ్ళి దమ్మపేట దగ్గర తండాలో.

"నాకు డ్యూటీ ఉంది హేమ్లీ."

"ఏడాదంత మూలకు పడ్డ జీపు, మా దిక్కు పెండ్లి నాడే బాగయితదేందయ్యా?"

బావ పెట్టె ఖాళీ చేశాడు. పత్రికలన్నీ జీపు సీటు కింద దాచాడు. మొదటి సంచికను మాత్రం ఇల్లు దాటించడానికి మనసు రాలేదు.

"దొంగని ఠాణాలనే దాయాలె జమ్లీ," అన్నాడు నాతో. అక్క నీళ్ళకి పోగానే దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కొత్త గంప అడుగున పరిచి, పైన కాగితపు ముద్ద మెత్తాడు. "పూసిన గంపని మళ్ళ ఎవరు గీకి చూస్తరు?" నేను మాట్లాడే రకం కాదని నా ముందే ఇదంతా చేశాడు.

పెళ్ళి నాటి పొద్దున బావ ఆఫీసు నుంచి వచ్చేసరికి మూల ఖాళీగా ఉంది.

"గంపేది?"

"అక్క లాలికి కానుకని తీస్కపోయింది బావా."

బావ "ట్రింగ్" అనడం కూడా మరిచి సైకిలు తొక్కాడు. వెనక నేను. తర్వాత ఎర్రబస్సు. దమ్మపేట దిగాక పరుగు.

పందిట్లో గంప నిండా బియ్యం. పక్కనే రూప్లి చిన్నమ్మ.

"అత్తా, ఈ గంప జర ఇయ్యి. అడుగున చిల్లుంది."

"కొత్త గంపకు చిల్లేంది అల్లుడా?"

బావ విన్నాడా? బియ్యం చాప మీద కుమ్మరించి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గీకడం మొదలుపెట్టాడు. డప్పు ఆగిపోయింది. పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. ముద్ద పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. కింద వెదురు. వెదురు కింద భూమి. కారు లేదు.

"మంచి గంపను ఖరాబు చేసిండు!" పెళ్ళిపెద్ద హాతీరాం మామ అరిచాడు. "కానుకంటే శకునం! ఎవరు చెడగొట్టిన్రో వాళ్ళే పూయాలె!"

ఆడవాళ్ళు నవ్వుతూ ముద్ద, మెంతిపిండి తెచ్చి ముందు పెట్టారు. ఆఫీసు చొక్కాతో బావ కూలబడి, మోచేతుల దాకా ముద్దతో గంప పూయసాగాడు. ముఖంలో నెత్తురు లేదు. పత్రిక ఏ రోట్లో నలిగిందోనని నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చింది అక్క.

"గడ్డలు గడ్డలుగ పూసినవ్, మెంతులు లేవు. చెదలు పడితే నీ కారు ఉంటుండెనా? అందుకే తీసి, మంచిగ పూసిన. ఇగ పెండ్లికంటవా? నువ్వు రావాల్నంటే ముందు గంప రావాలె గద!"

చంకలోని మూట విప్పింది. లాలి కోసం కుట్టిన సంచి. ఎర్రగుడ్డ మీద పసుపు దారంతో కారు! చక్రాలకి గవ్వలు. దీపాల చోట మా లంబాడీ ఆడవాళ్ళ పేటియా లంగాల మీద కుట్టే గుండ్రటి అద్దాలు రెండు. ఎండ పడగానే ఆ దీపాలు వెలిగాయి. వెలుగు వెళ్ళి పెళ్ళికూతురి ముఖం మీద పడింది. ముసలి కమ్లి అవ్వ దగ్గరికొచ్చి ఆ కారుకి రెండు చేతులూ జోడించింది.

ఆదివారాలు దూరం నుంచి అక్క చూసింది బస్తాలు పట్టే చోటు కాదని నాకప్పుడు తెలిసింది.

సంచిలోంచి మొదటి సంచిక తీసింది అక్క. మడత కూడా పడలేదు. "ముందు దిక్కే ఉంది దీంట్ల. ఎనక దిక్కు ఎట్లుంటదో? ఎనక దిక్కు బొమ్మున్న సంచిక గూడ తే. ఈ సంచికి రెండో పక్క ఖాళీగుంది."

"అవ్, తెస్త," అంటూ బావ ఆత్రంగా చెయ్యి చాచాడు.

అక్క పత్రికని వెనక్కి లాక్కుంది.

"చేతులు కడుక్కున్నవా?"